శాస్త్ర గ్రంథములు – వాని భారము మోసినవారు

గ్రంథములు రెండు తెగలు. పంచాంగము, పెద్దబాలశిక్ష, శతకము, నవల మొదలగునవి మొదటి తెగకు చెందినవి. వీనిని అచ్చువేసినవానికి పెట్టుబడి తిరిగి వచ్చుటయేగాక నాలుగు కాసులు మిగులును. నిఘంటువు, వ్యాకరణము, శాసన సంపుటము, దేశచరిత్ర, విజ్ఞాన సర్వస్వము, ప్రకృతిశాస్త్ర గ్రంథము మొదలగునవి రెండవ తెగవి. వీనిలో నొకదానిని వ్రాయుటకు ఒక్కొక్కప్పుడు ఒక జీవితకాలము పట్టును. కూర్చుటకు పదిమంది పండితులు కావలెను. కొనువారు మాత్రము వందలలోనే యుందురు. అయినను మొదటి తెగ గ్రంథములన్నియు రెండవ తెగవానిని ఆశ్రయించియే బ్రదుకుచున్నవి. బడిపిల్లవాని వాచకములోని మాటకు అర్థము నిర్ణయించినవాడు నిఘంటుకారుడు. నాటకములోని రాజు ఏ శతాబ్దమువాడో తేల్చినవాడు శాసన పరిశోధకుడు.

కావున శాస్త్ర గ్రంథముల చరిత్రను విచారించునప్పుడు, వ్రాసినవారెవరు అను ప్రశ్నతోపాటు, అందులకైన ఖర్చును భరించినవారెవరు అను ప్రశ్నను గూడ వేయవలసియున్నది. అమ్మకమువలన రాని సొమ్ము మరియొక చోటనుండి రావలెను గదా! ఆ చోటు యుగయుగమునకు మారుచు వచ్చినది. తెలుగుదేశమున అది ఎట్లు మారినదో ఇందు వివరింపబడుచున్నది.

తాటియాకుల నాడు

అచ్చు లేని కాలమున గ్రంథమును ప్రకటించుట యనగా ప్రతి వ్రాయించుటయే. 11వ శతాబ్దమున రాజరాజనరేంద్రుని యాజ్ఞచే నన్నయభట్టు భారతమును తెనిగింప నారంభించెను. కవిని పోషించినవాడు రాజు. గ్రంథమును పోషించినవారు మాత్రము పేరు తెలియని వ్రాయసకాండ్రు. తాళపత్రము పురుగునకు, తేమకు లోబడునది. అందుచేత తరతరమునకు మరల వ్రాయింపనిదే గ్రంథము నిలువదు. గంటము పట్టినవాడు దినమెల్ల వంగి కూర్చుండి వ్రాసి, చివర తప్పులున్నచో పండితులు క్షమింపవలెనని వేడుకొనుచు ముగించెడివాడు. అతనికి కూలి యిచ్చు సంపన్న గృహస్థుడో, మఠమో, సంస్థానమో ఉన్న గ్రంథము బ్రదికెను, లేనిది నశించెను. లక్షణ గ్రంథములలో ఉదాహరణముగా నొకటి రెండు పద్యములు మాత్రము మిగిలి, మూలము కానరాని కావ్యములు తెలుగున పెక్కు కలవు. అవి యన్నియు ఖర్చు భరించువారు లేక పోయినవే.

అచ్చు వచ్చుట

తెలుగు లిపి మొట్టమొదట అచ్చుపడినది తెలుగుదేశమున గాదు. బెంజమిన్ షుల్జ్ అను మతబోధకుని కృషివలన 1746, 1747 సంవత్సరములలో జర్మనీలోని హాలే పట్టణమున కొన్ని క్రైస్తవ గ్రంథములు తెలుగున వెలువడినవి. శాస్త్ర గ్రంథములకు అచ్చు ఉపయోగపడుట తరువాతి మాట. కుంపిణీ కొలువున చేరు ఆంగ్ల యువకులకు దేశభాషలు నేర్పుటకై 1812లో చెన్నపట్నమున ఫోర్టు సెయింట్ జార్జి కళాశాల ఏర్పడెను. ఆ కళాశాల ముద్రణాలయమున 1816లో కాంబెల్ దొర రచించిన తెలుగు వ్యాకరణము అచ్చయినది. దానికి ఎల్లిస్ దొర వ్రాసిన పీఠికయందు, తెలుగు సంస్కృతమునుండి పుట్టినది కాదనియు, తమిళ కన్నడములతో నొక కుటుంబమునకు చెందినదనియు నిరూపింపబడెను. తెలుగు వ్యాకరణమునకు ముందు చేర్చిన ఆ కొద్ది పుటలే ద్రావిడ భాషాశాస్త్రమునకు పునాది యైనవి.

అచ్చుయంత్రము వచ్చినంత మాత్రమున గ్రంథకర్త కష్టము తీరలేదు. బందరు పట్టణమున వర్తక కులమున జన్మించిన మామిడి వెంకయ్య స్వయంకృషితో పండితుడై, పందొమ్మిదవ శతాబ్ది తొలి పాదమున ‘ఆంధ్రదీపిక’ యను నిఘంటువును కూర్చెను. తరువాత నిఘంటువులు కూర్చిన దొరలందరును ఆ వ్రాతప్రతిని ముందుంచుకొనినవారే. అది యచ్చయినది మాత్రము 1848లో. అప్పటికి వెంకయ్య జీవించి లేడు.

ఈ ఘట్టమున తప్పక స్మరింపవలసినవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. ఆయన 1798లో కలకత్తాలో జన్మించి, 1817లో చెన్నపట్నము చేరి, 1820లో కడపకు ఉద్యోగియై వచ్చెను. అప్పటికి తెలుగు కావ్యములు తాళపత్రములపై చెదలుపాలగుచుండెను. ఆయన కడపలో నొక బంగళా కొని, అందు పండితులను, లేఖకులను జీతములిచ్చి కూర్చుండబెట్టెను. జూలూరి అప్పయ్య వంటి పండితులు అచట పనిచేసిరి. ఒకే కావ్యమునకు ఊరూరనుండి పలు ప్రతులు తెప్పించుట, పాఠములను పోల్చి వ్రాయించుట, వానిలో సరియైనదానిని నిర్ణయించుట, కఠిన పదములకు అర్థము చేర్చుట, పిమ్మట శుద్ధప్రతి ఎత్తించుట, ఇది అచటి పద్ధతి. 1829లో వేమన పద్యములను ఆంగ్లానువాదముతో ప్రకటించెను. 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు చెన్నపట్నమున వేపేరిలోని క్రైస్తవ విజ్ఞాన సంఘమువారి ముద్రణాలయమున అచ్చయినది.

ఈ పనికి బ్రౌన్ తన జీతమును వెచ్చించెను. అది చాలక అప్పులు చేసెను. అప్పు చేసి వివాహములు చేసినవారిని, భూములు కొన్నవారిని లోకము ఎరుగును. పరభాషకు అప్పు చేసి నిఘంటువు కూర్చినవారు అరుదు. ఆయన సేకరించిన వ్రాతప్రతులు చెన్నపట్నమునకు చేరి, ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమునకు మూలధనమైనవి. 1884లో ఆయన లండనులో మరణించెను. కడపలో ఆయన బంగళా ఉండిన స్థలముననే నేడు ఆయన పేర గ్రంథాలయము వెలసియున్నది.

పరిష్కర్తల కాలము

వావిళ్ల రామస్వామి శాస్త్రులు 1854లో చెన్నపట్నమున ముద్రణాలయమును నెలకొల్పెను. ఆయన కుమారుడు వేంకటేశ్వర శాస్త్రులు దానిని ఇంకను వృద్ధిచేసెను. వావిళ్లవారి ప్రతి యన్నచో తప్పులు లేని ప్రతి యను నమ్మకము తెలుగునాట వ్యాపించెను. వారి యేర్పాటు వర్తకమునకు ఆదర్శప్రాయమైనది. శతకములు, స్తోత్రములు, పురాణములు విరివిగా అమ్ముడుపోవును. ఆ లాభముతో వ్యాకరణములు, అలంకార శాస్త్రములు, వ్యాఖ్యాన సహితములైన ప్రబంధములు వెలువడును. వేగముగా పండు పైరు, ఆలస్యముగా ఫలించు తోటను పోషించునట్లు ఒక తెగ గ్రంథములు రెండవ తెగను పోషించినవి.

ఖర్చొక్కటియే చిక్కు కాదు. 18వ శతాబ్దమున తంజావూరి ప్రతాపసింహుని కాలమువాడైన ముద్దుపళని అను కవయిత్రి ‘రాధికాసాంత్వనము’ రచించెను. మునుపటి ముద్రణమున పద్యములు కొన్ని తీసివేయబడినట్లు గ్రహించి, బెంగుళూరు నాగరత్నమ్మ వ్రాతప్రతి సంపాదించి, మూలమును పూర్తిగా పరిష్కరించెను. 1910లో వావిళ్లవారు దానిని ప్రకటించిరి. అది అశ్లీలమని కొందరు ఆక్షేపింపగా, 1911లో ప్రభుత్వమువారు ప్రతులను స్వాధీనము చేసికొని గ్రంథమును నిషేధించిరి. 1947లో ఆ నిషేధము తొలగినది. 1952లో వావిళ్లవారు దానిని మరల ప్రకటించిరి. ఒక కావ్యము అక్షరము తప్పక వెలుగు చూచుటకు నలువది సంవత్సరములు పట్టినది. పరిష్కర్తకు పాండిత్యముతోపాటు ధైర్యము గూడ కావలెనని ఇందువలన తెలియుచున్నది.

ఇంచుమించు ఆ కాలముననే, 1909లో, మానవల్లి రామకృష్ణకవి నన్నెచోడుని ‘కుమారసంభవము’ను ప్రకటించెను. అంతవరకు లోకమునకు తెలియని కావ్యమది. నన్నెచోడుడు నన్నయకంటె పూర్వుడని పరిష్కర్త వాదించెను. కాదని పండితులు పలువురు ఖండించిరి. పత్రికలలో సంవత్సరముల తరబడి వాదములు సాగెను. చూచుటకు ఇది కలహమువలె కనబడును. విచారించినచో శాస్త్రగ్రంథ ప్రకటనమునకు ప్రయోజనమే ఇది. వ్రాతప్రతి ఒకని పెట్టెలో నున్నంతకాలము అతని మాటయే ప్రమాణము. అచ్చుపడిన పిమ్మట ప్రతి పండితుడును పరీక్షించి అవునని గాని కాదని గాని చెప్పగలడు. సత్యము ఒకని సొత్తు గాక పదిమంది పరీక్షకు నిలిచినదగుట ముద్రణమువలన కలిగిన మహోపకారము.

చందాదారులు, సంస్థానాధీశులు, ఒక ఔషధము

1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా గ్రంథమండలి వెలసెను. మునగాల సంస్థానమున దివానుగానుండిన కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు దానికి ప్రాణము. గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావు, అయ్యదేవర కాళేశ్వరరావు మున్నగువారు ఆయనకు తోడై నిలిచిరి. 1908లో మండలి చెన్నపట్నమునకు మారినది. దొర జీతము మీద గాని రాజు దానము మీద గాని ఆధారపడక, చందాదారులను చేర్చుకొని, వారికి వరుసగా గ్రంథములనిచ్చుట మండలివారి విధానము. పుస్తకము వెలువడక ముందే కొనువాడు సిద్ధముగా నుండును గనుక నష్టభయము తగ్గును. 1907లో హరిసర్వోత్తమరావు రచించిన అబ్రహాం లింకను చరిత్రము తొలి గ్రంథముగా వెలువడెను. 1910లో చిలుకూరి వీరభద్రరావు ‘ఆంధ్రుల చరిత్రము’ మొదటి భాగము వెలువడెను. జీవశాస్త్రము, రసాయనము, పదార్థవిజ్ఞానము మున్నగు ప్రకృతిశాస్త్రములు సామాన్యుడు చదువగల తెలుగున వెలువడుట ఆ మండలివలననే విరివియైనది.

అప్పటి శాస్త్రగ్రంథకర్తలకు మరియొక కష్టము: మాటలు లేకుండుట. ఆక్సిజన్ అను వాయువును ఆమ్లజని యనవలెనా, ప్రాణవాయువు అనవలెనా, హైడ్రోజనును ఉదజని యనవచ్చునా అను విచారము ప్రతి పుటయందును ఎదురయ్యెడిది. నాడు కల్పించిన మాటలు కొన్ని నిలిచినవి. కొన్ని మరుగుపడి వాని స్థానమున ఆంగ్లపదములే తెలుగు వేషమున కూర్చున్నవి. మాటను పుట్టించువాడు పండితుడే యైనను, దానిని నిలుపువాడు చదువరి.

లక్ష్మణరావు తలపెట్టిన పనులలో మిక్కిలి గొప్పది ‘ఆంధ్రవిజ్ఞాన సర్వస్వము’. సమస్త శాస్త్ర విషయములను అకారాది క్రమమున తెలుగున నిమిడ్చి చూపవలెనని ఆయన సంకల్పము. మల్లంపల్లి సోమశేఖరశర్మ వంటి యువకులు ఆయనకు సహాయులైరి. మూడు సంపుటములు వెలువడినవి; మూడింటియందును అకారముతో మొదలగు విషయములే. 1923లో నలువదియారేండ్ల ప్రాయమున ఆయన మరణించుటతో పని నిలిచిపోయెను. అక్షరమాలలో మొదటి యక్షరమునకే ఒక మహాపురుషుని ఆయుర్దాయము ఖర్చుపడినది.

ఆగిన ఆ పనిని మరల చేపట్టినవాడు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు. ఆయన 1893లో బొంబాయిలో అమృతాంజనమను తలనొప్పి మందును తయారుచేసి వర్తకము సాగించెను. 1908లో ఆంధ్రపత్రికను, 1924లో ‘భారతి’ మాసపత్రికను స్థాపించెను. తెలుగున పరిశోధనకు పీఠము వంటిది భారతి. శాసనమును చదివినవాడును, కవి కాలమును నిర్ణయించినవాడును, వ్యాకరణ సూత్రమునకు కొత్త యర్థము చెప్పినవాడును తన వ్యాసమును మొదట భారతికే పంపెడివాడు. ఒక సంచికలో వచ్చిన వ్యాసమునకు మరు సంచికలలో ఖండనము వచ్చును; దానికి సమాధానము వచ్చును. ఇట్టి పత్రిక చందాల మీద మాత్రమే నిలువజాలదు. తెలుగువారు తలకు రాచుకొన్న మందుమీది లాభము తెలుగు తలలకు మేతగా మారినదని చెప్పుట అతిశయోక్తి కానేరదు. పంతులు విజ్ఞాన సర్వస్వమును మరల ప్రకటింప నారంభించి, అది ముగియక ముందే 1938లో స్వర్గస్థుడయ్యెను. ఆయన అల్లుడు శివలెంక శంభుప్రసాద్ భారతిని కొనసాగించెను.

సంస్థానాధీశుల దానమునకు ఉదాహరణము ‘సూర్యరాయాంధ్ర నిఘంటువు’. జయంతి రామయ్య పంతులు 1911లో స్థాపించిన ఆంధ్రసాహిత్య పరిషత్తు దానిని పూనుకొనెను. పిఠాపురము మహారాజు రావు వేంకట కుమార మహీపతి సూర్యారావు ధనమిచ్చెను. వాడుకభాష, గ్రాంథికభాష అను వివాదము దేశమున చెలరేగుచుండగనే పండితులు కావ్యములనుండి ప్రయోగములు ఏరి చీటీలపై వ్రాసి పదములు కూర్చిరి. మొదటి సంపుటము 1936లో వెలువడెను. 1941లో రామయ్య పంతులు గతించెను. సంస్థానములే పోయినవి. కడపటి సంపుటము 1972లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మూలముగ వెలువడెను. రాజు మొదలిడిన ఖర్చును ప్రజాప్రభుత్వము పూర్తిచేసినది.

నైజాము రాష్ట్రమున తెలుగువారి స్థితి ఇంకను కష్టము. పాఠశాలలలోను కచేరీలలోను ఉర్దూకే ప్రాబల్యము. అట్టి కాలమున 1926లో సురవరము ప్రతాపరెడ్డి ‘గోలకొండ పత్రిక’ స్థాపించెను. తెలంగాణమున కవులు లేరని యొకరు వ్రాయగా, వాదమునకు దిగక, 354 కవుల వృత్తాంతములను, పద్యములను సేకరించి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ ప్రకటించెను. లక్ష్మణరాయ పరిశోధకమండలివారు తెలంగాణ శాసనములను 1935లో సంపుటముగా తెచ్చిరి. ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 1949లో వెలువడి, 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము పొందెను. తెలుగు గ్రంథమునకు ఆ గౌరవము దక్కుట అదియే మొదటిసారి. రాజుల యుద్ధములను విడిచి, ప్రజలు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ యాటలాడిరి అని కావ్యములనుండి ఏరి చూపిన చరిత్ర అది.

ప్రభుత్వము భారము నెత్తుకొనుట

స్వాతంత్ర్యము వచ్చిన సంవత్సరమగు 1947లో బెజవాడ గోపాలరెడ్డి చొరవతో తెలుగు భాషాసమితి ఏర్పడెను. అకారాది క్రమమున పోయినచో ఒక జీవితము చాలదని పూర్వానుభవము నేర్పియుండెను గనుక, సమితివారు చరిత్ర, భౌతికశాస్త్రము మున్నగు విషయముల వరుసను ఒక్కొక్క సంపుటము కూర్చిరి. లక్ష్మణరావు వద్ద యువకుడుగా పనిచేసిన సోమశేఖరశర్మ ఈ కార్యమునందును పాల్గొనెను. ఒకరు వదలిన పనిని అతని శిష్యుడు ముప్పదియేండ్ల పిమ్మట మరియొక మార్గమున నెరవేర్చుటకు పూనుకొనెను.

1957లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీయు, 1968లో తెలుగు అకాడమీయు స్థాపింపబడెను. పి. వి. నరసింహారావు తెలుగు అకాడమీకి ప్రథమాధ్యక్షుడు. కళాశాలలలో తెలుగు మాధ్యమమున చదువువారికి పాఠ్యగ్రంథములు, పరిభాషా పదకోశములు సిద్ధపరచుట దాని కర్తవ్యము. పల్లెల నుండి వచ్చిన వేలకొలది విద్యార్థులు భౌతిక రసాయన శాస్త్రములను, అర్థశాస్త్రమును చదివినది ఆ గ్రంథములలోనే.

ప్రభుత్వ ధనము పెద్దది. దానికి నిలుకడ మాత్రము తక్కువ. 1983లో సాహిత్య అకాడమీ రద్దయినది. దాని పనులలో కొన్ని 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయమునకు సంక్రమించినవి. ప్రైవేటు పూనికకును ఆయుర్దాయము కలదు: 67 సంవత్సరములు నడచిన భారతి 1991లో ఆగిపోయినది. తరువాత తెలుగున పరిశోధన ఆగలేదుగాని, దేశమునందలి పండితులందరు ఒకచోట చేరి వాదించుకొను రచ్చబండ లేకపోయెను. పట్టము కొరకు వ్రాసిన సిద్ధాంత వ్యాసములు పెక్కు విశ్వవిద్యాలయముల బీరువాలలోనే నిదురించుచున్నవి. అచ్చయినవానిలో చాలవరకు గ్రంథకర్త తన సొంత సొమ్ముతో కొద్ది ప్రతులు వేసికొన్నవే. బ్రౌన్ నాటి పద్ధతికే కాలము మరలినట్లున్నది.

ప్రపంచమున జరిగిన మార్పు

ఈ చిక్కు తెలుగునకే పరిమితము కాదు. పరిశోధక పత్రికలకు మూలపురుషులు 1665లో పుట్టిన రెండు పత్రికలు: జనవరిలో పారిసు నగరమున ఒకటి, మార్చిలో లండను రాయల్ సొసైటీ కార్యదర్శి ఓల్డెన్‌బర్గ్ ప్రారంభించినది రెండవది. ఓల్డెన్‌బర్గ్ లాభమాశించెను, దక్కినది స్వల్పము. తరువాత చిరకాలము సొసైటీయే ఖర్చు భరించెను. అప్పటినుండి శాస్త్రజ్ఞుడు వ్యాసమునకు ప్రతిఫలము కోరక పోవుట ఆచారమైనది. దానిని ప్రకటించుటకు ముందు పరీక్షించు నిపుణుడును సాధారణముగా ఉచితముగనే పనిచేయును.

రెండవ ప్రపంచ యుద్ధము పిమ్మట పరిశోధన విస్తరించి, వ్యాసములు లెక్కకు మిక్కిలియైనవి. అప్పుడు వర్తక సంస్థలు ఈ రంగమున ప్రవేశించినవి. జమాఖర్చులు ఎరిగినవారికి ఇందలి విచిత్రము వెంటనే బోధపడును. పరిశోధనకు సొమ్ము ప్రజలది. వ్రాసినవానికి కూలి లేదు. పరీక్షించినవానికి కూలి లేదు. అచ్చయిన పత్రికను మాత్రము విశ్వవిద్యాలయము అధికమూల్యమునకు కొనవలెను. ఏడాదికేడాది చందా పెరుగుచుండగా ధనిక దేశముల గ్రంథాలయములు సైతము పత్రికలను మానుకొనవలసి వచ్చెను. దీనికి ప్రతిక్రియగా 2002లో బుడాపెస్టు నగరమునుండి ఒక ప్రకటన వెలువడెను: పరిశోధన వ్యాసములు అంతర్జాలమున అందరికిని ఉచితముగా లభింపవలెనని దాని సారాంశము. ఆ మార్గమున చాల పత్రికలు నడచుచున్నవి. అందు గొన్ని, చదువరి వద్ద తీసికొను రుసుమును విడిచి, వ్రాయువాని వద్ద తీసికొన మొదలిడినవి. భారము తొలగలేదు, భుజము మారినది. ఆ సందున, పరీక్ష యేమియు లేక రుసుము మాత్రము పుచ్చుకొని వ్యాసములను అచ్చువేయు దొంగ పత్రికలు గూడ పుట్టగొడుగులవలె మొలచినవి.

భారత ప్రభుత్వము 2024 నవంబరులో ‘ఒక దేశము – ఒక చందా’ అను పథకమును ఆమోదించెను. 2025 మొదలు 2027 వరకు మూడేండ్లకు 6,000 కోట్ల రూపాయలు వెచ్చించి, 30 ప్రకాశక సంస్థల పత్రికలు సుమారు 6,300 ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకును, కేంద్ర పరిశోధన సంస్థలకును అందునట్లు చేయుట దాని యుద్దేశము. ఒక్కొక్క ఏటికి 2,000 కోట్లు. జిల్లా కేంద్రములోని ప్రభుత్వ కళాశాల విద్యార్థికిని రాజధాని విద్యార్థికిని ఒకే పత్రిక లభించుట మేలైన విషయమే. అయినను ఆ తలుపు విద్యాసంస్థ ముద్ర గలవారికే తెరచుకొనును. పల్లెలో నివసించుచు శాసనములను చదువు ఉపాధ్యాయుడు, పైరు తెగుళ్లను గూర్చి విచారించు రైతు ఆ తలుపు వెలుపలనే యున్నారు.

పత్రిక ఖ్యాతిని బట్టి వ్యాసమును తూచు అలవాటు నేడు ప్రబలియున్నది. విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వవిద్యాలయమున చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు 1945లో తన ప్రసిద్ధ వ్యాసమును ప్రకటించినది కలకత్తా గణితశాస్త్ర సంఘమువారి పత్రికలో. సంఖ్యాశాస్త్రము చదువు ప్రపంచ విద్యార్థులందరు నేటికిని అందలి ఫలితమును ఆయన పేరుతోనే నేర్చుకొనుచున్నారు. విత్తనము మంచిదైనప్పుడు అది ఏ ఊరి సంతలో కొన్నదని పంట అడుగదు.

దాచినవారు

అంతర్జాలము వచ్చిన పిమ్మట పాత గ్రంథములకు పునర్జన్మము లభించినది. చిత్తూరు జిల్లా కాటూరున జన్మించి, అమెరికాలో కంప్యూటరు శాస్త్రవేత్తగా ఖ్యాతిగాంచిన రాజ్ రెడ్డి పది లక్షల గ్రంథములను ఛాయలెత్తించి అందరికిని అందింపవలెనను ఉద్యమమునకు ప్రేరకుడయ్యెను. దానిలో భాగముగా భారత డిజిటల్ గ్రంథాలయము ఏర్పడి, వేలకొలది తెలుగు పుస్తకములు పుటపుటగా స్కానింగు చేయబడినవి. కడపలో బ్రౌన్ అప్పుచేసి కూర్చిన నిఘంటువును నేడు పొలముగట్టున కూర్చున్నవాడు సైతము చేతి ఫోనులో ఉచితముగా చూడగలడు.

అయితే ఆ గ్రంథాలయము కాపీహక్కుల చిక్కుల మూలమున 2017 ప్రాంతమున ప్రజలకు అందకుండ పోయెను. ఇతరులు ముందుగా నకళ్లు తీసి వేరొక చోట నుంచుటవలననే ఆ పుస్తకములలో చాలవరకు నేటికిని దొరకుచున్నవి. తాళపత్రమునకు చెప్పిన ధర్మమే దీనికిని వర్తించును: ఒక్క ప్రతి మీద ఆధారపడిన గ్రంథము నిలువదు.

ఛాయలెత్తుటకైనను మూలమొకటి ఉండవలెను గదా! ఆ మూలములను దాచినవి గ్రంథాలయములు. 1918లో నేటి బాపట్ల జిల్లా వేటపాలెమున స్థాపింపబడిన సారస్వత నికేతనము పాత పత్రికల సంచికలను భద్రపరచుటచే, దూరప్రాంతముల పరిశోధకులు నేటికిని ఆ గ్రామమునకు పోవుచున్నారు. ఒక చిన్న గ్రామము చేసిన పని యది. మండలి మూతబడినది, పత్రిక ఆగినది, అకాడమీ రద్దయినది, సంస్థానము పోయినది. చందాదారుడు కొని గ్రంథాలయమున నుంచిన ప్రతి మాత్రము మిగిలినది.

ఇరువదియైదేండ్లు నిండిన గ్రామ గ్రంథాలయము ఈ చరిత్రలో తన స్థానమేదో గుర్తింపదగును. నవలలును వార్తాపత్రికలును చదువరులు కోరుదురు, ఉంచవలసినదే. వానితోపాటు ఏటికొక్క శాస్త్ర గ్రంథమునైనను ధరయిచ్చి కొనుట, ఎవరును అడుగని పాత సంచికలను కాగితపు ధరకు అమ్మక కట్టలు కట్టి పట్టిక వ్రాసి యుంచుట, ఊరిలో ఏ ఇంటి అటుకుమీదనైన తాళపత్రములో, పాత లెక్కల పుస్తకములో, దేవాలయ శాసనపు నకలో ఉన్నచో దాని వివరమును నమోదు చేయుట, అవకాశమున్న చోట ఛాయలెత్తించుట సాధ్యములైన పనులే. వీనికి కావలసినది పెద్ద మొత్తము కాదు. పూర్వము దొర, మహారాజు, ఔషధ వర్తకుడు, ప్రభుత్వము మోసిన భారములో ఒక చిన్న పాలు ప్రతి చందాదారుని వంతునకును వచ్చుచున్నది. చందా కట్టిన ప్రతివాడును ఆ పాలును మోసినవాడే. ఈ గ్రంథాలయ సభ్యులు ఆ పాలును ఇకముందును సంతోషముతో మోసి, స్వర్ణోత్సవ సంచికను చూచు తరమువారికి ఈ నిధిని పెంచి అప్పగింతురుగాక.